అందించని మాట

రోక్కాల్బా, సిస్టర్ల అతిథిగృహం
12 మార్చి 1974

తాతయ్యా,

చేరాను. బస్సు కొండ ఎక్కినంతసేపూ గొంతుకు మఫ్లరు చుట్టుకుని, నోరు మూసుకుని కూర్చున్నాను. పక్కనున్నావిడ నాకు గవదబిళ్లలనుకుని లేచిపోయి వేరే సీట్లో కూర్చుంది.

పాట పోటీకి పన్నెండుమందిమి. అందరం ఆడపిల్లలమే. కాన్వెంటు సిస్టర్ల దగ్గరే దిగాం, గదికి ఇద్దరేసి. నాతో ఉన్నది సార్డీనియా పిల్ల, పేరు బొనారియా. వాళ్ల నాన్న చేపలు పడతాడట. పెట్టె సర్దుకుంటూ సరదాగా ఒక స్వరం వదిలింది. కిటికీ అద్దం జలదరించింది.

ఇక్కడి పద్ధతి ఇది. ఏప్రిల్‌లో మొదటి విడత, జూన్‌లో రెండోది, రెండూ పియానోతో. సెప్టెంబరులో చివరిది, పెద్ద థియేటర్‌లో ఆర్కెస్ట్రాతో. గెలిచిన మనిషికి ఈ శీతకాలం ఒపేరాలో నాయిక వేషం. మధ్యలో పాఠాలు. ఓడినవాళ్లు ఆ రోజే వెళ్లిపోవాలి. మేం భోజనాల గదిలో ఉండగానే సిస్టర్ అగ్నేసె వాళ్ల మంచం మీది దుప్పట్లు తీసేస్తుందట. ఈ సంగతి మాకు వచ్చిన గంటలోనే చెప్పారు, స్వాగతం చెప్పినట్టు.

వయసు హద్దు ముప్పై. నాకు నవంబరుకు నిండుతాయి. అంటే ఇదే ఆఖరిది. ఇది పోతే కొట్లో అమ్మ పక్కన నిలబడి జున్ను కోసుకోవడమే.

భయంగా ఉంది తాతయ్యా. నిరుడు బెర్గమో పోటీలో రెండో చరణం ముందు పియానో ఆగి నాకోసం చూసింది. నేనూ నాకోసం చూశాను. నేను అక్కడ లేను. ఇక్కడా అదే పాట పాడాలి, రేవు దగ్గర పడవకోసం ఎదురుచూసే పిల్ల పాట. మన వంటింట్లో నువ్వు బల్ల పక్కన కూర్చుంటే తొమ్మిదేళ్లలో ఒక్క మాటైనా పోయిందా? పరాయిచోట ఎందుకు పోతాయి?

ఇక్కడ ఉన్నది ఒకే ఫోను. ఆదివారం పదింటికి ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. బార్ నుంచి చెయ్యి. నీ గొంతు వింటే చాలు.

నీ నీవెస్

*

పార్మా, ఏటి అవతల
20 మార్చి

నీవెస్ తల్లీ,

ఉత్తరం అందింది. మీ అమ్మ ఇర్మా దాన్ని కొట్లో గల్లాపెట్టె మీద పెట్టుకుని మూడుసార్లు చదివి, హామ్ మాంసం కొనడానికి వచ్చిన ప్రతివాళ్లకూ వినిపించింది. గవదబిళ్లల కథ ఇప్పుడు పేటంతా తెలుసు.

భయం గురించి నాకు చెప్పకు. ముప్పై ఎనిమిదేళ్లు వేదిక కింద ప్రాంప్టరు పెట్టెలో కూర్చున్నవాణ్ణి. నాకు ప్రపంచం చెప్పుల ఎత్తు నుంచే తెలుసు. జనం గొంతు వణికిందంటారు. అది ఉత్తమాట. ముందు వణికేది చీలమండ. గొంతుకు కబురు తర్వాత చేరుతుంది. ఒకసారి ఒక బారిటోను గాయకుడు, యుద్ధానికి బయల్దేరే సేనాపతి వేషంలో, కుడికాలికి నల్లబూటు, ఎడమకాలికి గోధుమరంగు బూటు తొడుక్కుని వచ్చాడు. మూడంకాలూ అలాగే శత్రువుల్ని చంపాడు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. వాడు వెల్లుల్లి తిన్నదీ నాకొక్కడికే తెలుసు, కాని అది వేరే కథ.

నేను బడికి పోయింది మూడేళ్లు. మిగతా చదువంతా ఆ పెట్టెలోనే. దాంట్లో నేర్చిందల్లా ఒకటే. పాటలో ప్రతి వరుసకూ మొదటి మాటను, పాడేవాళ్లు నోరు విప్పడానికి రెప్పపాటు ముందు, వాళ్లకు మాత్రమే వినబడేట్టు అందించడం. మిగతా మాటలు వాళ్లవే. తల చేతికిస్తే తోక దానంతటదే వస్తుంది.

కాబట్టి నిద్రపో, చారు తాగు, సార్డీనియా పిల్లతో స్నేహం చెయ్యి. అద్దాలు జలదరింపజేసేవాళ్లను దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఈ మధ్య గొంతులో కాస్త జీర. పెట్టె దుమ్ము. డాక్టరు లోపలికి చూస్తానంటున్నాడు, చూడనీ. అంత దుమ్ము నేనొక్కణ్ణే దాచుకోవడం దేనికి?

నీ తాత ఫెర్మో

*

రోక్కాల్బా
28 ఏప్రిల్

తాతయ్యా,

మొదటి విడత దాటాను! నలుగురి దుప్పట్లు వెళ్లిపోయాయి. ఎనిమిదిమందిమి మిగిలాం.

సంతోషపడకు, ముందు విను. ఆ రోజు వాయించింది మాస్ట్రో పాన్‌ఫీలో. ముసలాయన, నీకు నచ్చుతాడు. వాయిస్తున్నంతసేపూ పాట మాటలు సణుగుతూనే ఉంటాడు. ఊరందరికీ అదే ఫిర్యాదు. నేను మాత్రం పక్షిలా పాడాను.

మర్నాడు సాధనకు ఇంకో ఆవిడ వచ్చింది. పెదాలు బిగించి వాయిస్తుంది. మొదటి వరుసకే ఆగిపోయాను. ఎత్తుకుని, రెండో వరుస దగ్గర మళ్లీ ఆగాను. ఇప్పుడు నాకొకటి తెలిసింది. వరుస మధ్యలో ఎప్పుడూ పోదు. పోయేది వరుస మొదలే. తలుపు లోపల ఇల్లంతా ఉంది, తాళంచెవి ఒక్కటే లేదు. నా తలలో ఏదైనా పుండు ఉందేమో తాతయ్యా? పక్కలో పడుకుని నా పేరు, అమ్మ పేరు, మన వీధి పేరు చెప్పుకుని చూసుకుంటున్నాను, అవి కూడా పోతాయేమోనని. నా మంచం మీది దుప్పటి అంచు పట్టుకునే నిద్రపోతున్నాను.

ఆరు ఆదివారాలు ఫోను పక్కన కూర్చున్నాను. నువ్వు చెయ్యలేదు. ఎందుకు?

నీవెస్

*

పార్మా
9 మే

నీవెస్ తల్లీ,

నీ తలలో పుండూ లేదు, గిండూ లేదు. అక్కడ నీళ్లు మారాయి, కాలేయం అలిగింది. రొట్టె నానబెట్టిన చారు తాగు.

ఫోను సంగతి అడిగావు. బార్‌లో ఫోను చెడింది. బాగుచేసేవాడు వచ్చాడు, రెండు గ్లాసులు లాంబ్రుస్కో వైను తాగాడు, ఇంకాస్త చెడగొట్టి పోయాడు. ఈ దేశంలో మరమ్మతంటే అదే. మా థియేటర్‌లో తెర తాళ్లు బాగుచేయడానికి వచ్చిన ఒకాయన కూడా ఇంతే, తెర సగంలో ఇరుక్కుని ఒక అంకమంతా జనం నటులను నడుముల నుంచి కిందికే చూశారు. నాకు మాత్రం ఏ తేడా తెలియలేదు.

చేతిరాత వంకరగా ఉందనుకుంటావేమో. కిటికీ దగ్గర కూర్చుని ఒళ్లో అట్ట పెట్టుకుని రాస్తున్నాను. ఎండ బాగుంది.

అంతే. ధైర్యంగా ఉండు. ఈసారి పెద్దగా కబుర్లు లేవు.

తాత

*

రోక్కాల్బా
20 జూన్

తాతయ్యా,

రెండో విడత దాటాను. నలుగురం మిగిలాం. ఎలా దాటానో చెబితే సిగ్గు.

వాయించింది ఆ బిగిసిన పెదాలావిడే. మొదటి చరణం ఎలాగో గట్టెక్కింది. రెండో చరణం తల నీకు తెలుసుగా, “రేపు”. అది పోయింది. ఏం చెయ్యాలో తెలియక చేతుల్లో మొహం దాచుకున్నాను, నిజంగా ఏడుపొచ్చింది. పియానో ఆవిడ మళ్లీ ఎత్తుకుంది. ఆ లోపల మాట దొరికింది. న్యాయనిర్ణేతలు అదంతా నటన అనుకున్నారు! ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. అధ్యక్షురాలు సిగ్నోరా మలగూతి మాత్రం తుడుచుకోలేదు. కళ్లద్దాలపై నుంచి నన్ను చూస్తూ ఉండిపోయింది.

గదికి వచ్చాక బొనారియా బూట్లు విప్పుకుంటూ అడిగింది.

“ఏమే, నువ్వు ప్రతి వరుసకు ముందూ ఎడమ చెవి అలా ఒగ్గుతావేం?”

“నేనా? లేదే!”

“లేదంటావేం, కోడిపిల్లలా! మెడ ఇలా వంచుతావు. ఎవరో వచ్చి ఏదో చెబుతారన్నట్టు. ఎవరు వస్తారు? దేవదూతా?”

మన వంటింట్లో నువ్వు కూర్చునేది నా ఎడమపక్క.

ఆ పిల్ల రేడియో విని నేర్చుకుందట తాతయ్యా. దానికి ఎవ్వరూ ఏ మాటా అందించలేదు. నాకు నువ్వు తొమ్మిదేళ్లు, ప్రతి పాటకూ, ప్రతి వరుసకూ అందించావు. సూది పడ్డంత మెల్లగా. అది నువ్వంటున్నావని నేను, నేను వింటున్నానని నువ్వు, ఎప్పుడూ అనుకోలేదు. లేక నువ్వు అనుకున్నావా?

సెప్టెంబరు 15 చివరిది. థియేటర్‌లో ప్రాంప్టరు పెట్టె ఉంది, చూసి వచ్చాను. నువ్వు రా. అందులో కూర్చో. ఎవ్వరికీ తెలియదు.

ఇంకొకటి. నిన్న పోస్టాఫీసు నుంచి బార్‌కు ఫోను చేశాను. చక్కగా మోగింది. ఎత్తింది యజమాని. “ఫెర్మోను పిలవండి” అన్నాను. “ఫెర్మోనా? ఫోనులోకా?” అన్నాడు. “మీ అమ్మనడుగమ్మా” అని పెట్టేశాడు. అమ్మకు చేస్తే కొట్లో జనం ఉన్నారంది.

ఏం దాస్తున్నారు నా దగ్గర? వెంటనే రాయి.

నీవెస్

*

పార్మా
1 జులై

నీవెస్,

చిన్న విషయం ముందు, పెద్దది తర్వాత.

చిన్నది. ఏప్రిల్ 9న ఆస్పత్రిలో నా స్వరపేటిక తీసేశారు. అది దుమ్ము కాదు. ఇప్పుడు మెడలో ఒక బొక్క ఉంది, దాంతో ఊపిరి పీలుస్తాను. మాట్లాడలేను, గుసగుస కూడా లేదు. మెడలో పలక వేలాడదీసుకుని సుద్దముక్కతో మాట్లాడుతున్నాను. బార్‌లో పేకాటలో నేను “దొంగాట!” అని రాసేలోపు వాళ్లు ఇంకో ఆట పంచేస్తున్నారు. నీకు చెప్పొద్దని మీ అమ్మ చేత ఒట్టు వేయించాను. తెలిస్తే మర్నాడే బస్సెక్కుతావని భయం. నేను భయపడ్డాను, అది రాసి పెట్టుకో.

ఇక పెద్దది. నీ అనుమానం నిజం. బెర్గమో నుంచి వచ్చి నువ్వు ఏడుస్తున్నప్పుడే నాకు తెలిసింది. అయినా మర్నాడు బల్ల దగ్గర కూర్చుని మళ్లీ అందించాను. నీ మొహం వరుస తల దగ్గర ఖాళీగా ఉంటే నేను ఓర్చుకోలేను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, ఇర్మాకు కూడా.

1938 శీతకాలం. ఆర్జియా అని ఒక పిల్ల, ఇరవై రెండేళ్లు, మొదటి వేషం. ఆ పాటే, రేవు పాట. పొద్దున రిహార్సల్‌లో అందరిముందూ అంది, “ఆ పెట్టెలో ఎలుకేదో గుసగుసలాడుతోంది, ఎవరైనా పిల్లిని తోలండి.” అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఎలుక నోరు మూస్తే ఏమవుతుందో చూద్దామనుకున్నాను. రెండో చరణం తల దగ్గర పెదాలు బిగించాను. ఒక్క మాట, అంతే.

ఆమె చీలమండలు చూశాను. తర్వాత కళ్లు. నా వంకే చూస్తోంది. ఇద్దాం అనుకునేలోపు ఆలస్యమైపోయింది. పైగ్యాలరీలో ముందొకడు దగ్గాడు, తర్వాత ఎగతాళి ఈల. “అమ్మాయ్, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, ఇంటికి పో!” అని అరిచాడొకడు. మా పార్మా గ్యాలరీ సంగతి నీకు చెప్పనక్కర్లేదు. ఆమె వెళ్లిపోయింది. మళ్లీ ఎక్కడా పాడలేదు. బొత్తాలూ రిబ్బన్లూ అమ్మే కొట్టు పెట్టుకుంది, చర్చి వెనకసందులో, ఇప్పటికీ ఉంది. నేను నెలనెలా వెళ్లి బొత్తాలు కొంటాను. ఒక్కనాడూ చెప్పలేదు. చిన్నప్పుడు నువ్వు డబ్బాల్లోంచి తీసి రంగులవారీగా పేర్చి ఆడుకున్న బొత్తాలన్నీ అవే. ఇన్ని బొత్తాలు మన ఇంట్లో ఎందుకున్నాయని ఒకసారి అడిగావు కూడా.

ఆ రోజు తర్వాత నేను ఎవ్వరి నుంచీ ఒక్క మాట ఆపలేదు. చివరికి నీ నుంచి కూడా. ఒకదాన్ని ఇవ్వక పాడుచేశాను, ఇంకొకదాన్ని ఇచ్చి.

పెట్టెలోకి రమ్మన్నావు. వచ్చి ఏం చెయ్యను తల్లీ? నా దగ్గర ఏమీ లేదు.

తాత

*

రోక్కాల్బా
11 ఆగస్టు

తాతయ్యా,

నెల పైన అయింది, నీకు రాయలేదు. కోపంతో పది రోజులు, ఏడుపుతో నాలుగు, మిగతావి పనితో.

బొనారియా నన్ను కిటికీకి ఎడమచెవి ఆనించి నిలబెట్టి పాడిస్తోంది. మెడ వంగితే చెంప మీద ఒకటి ఇస్తుంది. “ఏడవకు, ఇంకోటి ఇస్తా” అంటుంది. “నన్ను గెలిపిస్తే నీకేం లాభమే?” అన్నాను. “నిన్ను ఓడించాలి. కాళ్లు విరిగినదాన్ని ఓడిస్తే నాన్న పడవలోకి రానివ్వడు” అంది.

పది వరుసల్లో ఆరు వస్తున్నాయి. నాలుగు రావట్లేదు. “రేపు” ఒక్కసారి కూడా సమయానికి రాలేదు. భయం ఇప్పుడు పేరు లేనిది కాదు, రోజూ పక్కనే కూర్చుని తింటోంది.

నువ్వు రా. ఏమీ తేవద్దు. నా ఎడమపక్క ఖాళీగా ఉందని నమ్మడానికి నాకు నువ్వు ఎదురుగా కనబడాలి. ఇంట్లో ఉన్నావనుకుంటే చెవి అటే పోతుంది.

నీవెస్

*

టెలిగ్రాం. పార్మా, 2 సెప్టెంబరు

వస్తున్నాను. మఫ్లరు తెస్తున్నాను. మాటలు తేవడం లేదు. ఫెర్మో

*

రోక్కాల్బా
16 సెప్టెంబరు

తాతయ్యా,

ఫలితం చదవకముందే పారిపోయావు! పెట్టె మెట్ల దగ్గర నీకోసం వెతికితే మాస్ట్రో పాన్‌ఫీలో అన్నాడు, “నాలుగున్నర బస్సుకు పోయాడమ్మా. పలక మీద ‘తట్టుకోలేను’ అని రాసి చూపించి, తుడిచేసి పోయాడు.”

అయితే విను, ఇప్పుడు నేను చెప్పేది నువ్వు చెప్పుల ఎత్తు నుంచి చూడలేనిది.

సిగ్నోరా మలగూతి దగ్గరికి మనం వెళ్లినప్పుడు ఆమె, “పెట్టెలో మనిషి ఉండకూడదు” అన్నదా? “మా తాతయ్య మాట్లాడలేడండి” అంటే నమ్మలేదు. నువ్వు మఫ్లరు విప్పావు. ఆమె చూసింది. నేను ఇన్నాళ్లలో మొదటిసారి అప్పుడే చూశాను తాతయ్యా, ఆమెతోపాటు. ఆమె మాత్రం, “చుట్టుకోండి. మెడ వదిలేసి మొహానికి చుట్టుకోండి, ముక్కుదాకా. పెదాలు కదిలినట్టు కనబడ్డాయో, తాతనూ మనవరాలినీ కలిపి గెంటిస్తా” అంది. అది కోపమని నువ్వు అనుకుని ఉంటావు. ఆమె చెయ్యి కళ్లద్దాల తాడును మెలితిప్పుతూనే ఉంది.

నన్ను మూడో మనిషిగా పిలిచారు. బయటికి వస్తే అరవై మంది వాద్యకారులు, వెనక నల్లగా జనం, మధ్యలో నేల మట్టాన నీ రెండు కళ్లు. నా చీలమండలు వణుకుతున్నాయని నీకు తెలుసు. నువ్వు చూస్తావని నాకు తెలుసు. మొదటి చరణం వచ్చింది. ఎలా వచ్చిందో తెలియదు.

తర్వాత వేణువు ఆ చిన్న రాగం వాయించి ఆగింది. చెవి ఎడమకు పోతోంది. బొనారియా చెంపదెబ్బ గుర్తొచ్చి మెడ నిలబెట్టాను. ఏమీ లేదు. ఆర్కెస్ట్రా కండక్టరు కర్ర పైనే ఆగింది. నీ మఫ్లరు కింద ఏదో కదిలింది తాతయ్యా. నువ్వు ఇస్తున్నావు. నీకు తెలియకుండానే ఇస్తున్నావు. నీ కళ్ల నిండా నీళ్లు. ఏ చప్పుడూ లేదు. అప్పుడు నాకనిపించింది, పాపం ఈయనకు మాట కావాలి, ఎవరూ ఇవ్వడం లేదు.

“రేపు” అన్నాను. నీకే అందించాను. మిగతా పాట దాని వెనకాలే వచ్చేసింది.

గెలిచింది బొనారియా. గెలవాల్సిందే, మళ్లీ అద్దాలు జలదరించాయి. నేను రెండో మనిషిని. నాయిక చెల్లెలి వేషం నాకు, రెండో అంకంలో తొమ్మిది వరుసలు, తొమ్మిదింటికీ తలలున్నాయి. బొనారియాకు జలుబు చేస్తే నాయిక కూడా నేనే. మిలాన్ నుంచి వచ్చిన ఒపేరా ఏజెంటొకాయన నా పేరు రాసుకున్నాడు, పెన్సిలుతో. సిగ్నోరా మలగూతి వెళ్తూ వెళ్తూ, “జూన్‌లో నువ్వు ఏడ్చింది నిజం ఏడుపని నాకు తెలుసు. ఇకనుంచి అది కూడా నటనే అయి ఉండాలి” అంది.

సిస్టర్ అగ్నేసె నా దుప్పటి ముట్టుకోలేదు.

నీ నీవెస్

*

పార్మా
2 అక్టోబరు

నీవెస్ తల్లీ,

నీ ఉత్తరాన్ని ఇర్మా ఈసారి ఎవరికీ వినిపించలేకపోయింది. మూడో వాక్యానికే హామ్ కోసే కత్తి పక్కన పెట్టి లోపలికి పోయింది. మిగతాది కొట్లో జనమే చదువుకున్నారు.

నువ్వు చూసింది నిజమే. పెదాలు కదపకూడదని పళ్లు బిగించుకున్నాను. అయినా అలవాటు నా మాట వినలేదు. నోటిలోంచి ఏమీ రాలేదు, మెడలోంచి గాలి వచ్చింది. ముందువరుస వయొలినుకు చలేసి ఉంటుంది. నా బతుకులో అంత భయం ఎప్పుడూ పడలేదు, ఆస్పత్రి బల్ల మీద కూడా. ఎందుకు పారిపోయావంటావా? దుప్పటి తీసేస్తుంటే చూడలేక.

నిన్న బొత్తాల కొట్టుకు వెళ్లాను. ఆర్జియా గారు ఎప్పటిలాగే కళ్లెత్తకుండా, “తెల్లవా, నల్లవా?” అంది. ఇంటి దగ్గరే పలక నిండా రాసి తెచ్చుకున్నాను. 1938, ఎలుక, పెదాలు, అన్నీ. ఆమె ముందు పెట్టాను. కాళ్లు వణికాయి. గల్లాబల్ల అడ్డం కాబట్టి ఆమెకు కనబడలేదు, అదృష్టం.

ఆమె చదివింది. మళ్లీ చదివింది.

“తెలుసు” అంది. “ముప్పై ఆరేళ్లుగా ఒక మగాడు ఇన్ని బొత్తాలు ఊరికే కొంటాడా? చొక్కాలు వేసుకునే శతపాదివా నువ్వు?”

నేను పలక తుడిచాను.

“ఎలుక అన్నందుకు నేనూ ఏడ్చాను, చాలాకాలం” అంది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్లి గడియ పెట్టింది. తిరిగి వచ్చి, సొరుగులకు వీపు ఆనించి, చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని నిలబడింది. పాటకు ముందు ఆ నిలబడటం నాకు తెలుసు.

“ఆ మాట నాకు ఆ రోజు మెట్లు దిగుతుండగానే గుర్తొచ్చింది. అది కాదు సంగతి. నువ్వివ్వు.”

సుద్దముక్క రెండుసార్లు విరిగింది. రాసి, పలక గుండెల దగ్గర ఎత్తి పట్టుకున్నాను.

ఆమె పాడింది. ఒకే వరుస. పైస్వరం పగిలింది, దాన్ని పట్టించుకోకుండా చివరిదాకా వెళ్లింది. ఒక రీలు జారి పడి, నీలం రిబ్బను నా బూటుదాకా దొర్లుకుంటూ వచ్చింది. తర్వాత గడియ తీసి, “ఈ నెల బొత్తాలు కొనకు, ఇంట్లో చోటు లేదని మీ అమ్మాయి చెప్పింది” అంది.

డిసెంబరులో మేమిద్దరం వస్తున్నాం, ఆమె, నేను. పెట్టెలోకి కాదు, పైగ్యాలరీలోకి. నీ తొమ్మిది వరుసల్లో ఒక్క తల పోయినా ఆవిడ ఈల వేస్తుందట. నాకు ఈల రాదు కాబట్టి సుద్ద విసురుతాను.

ఎడమపక్క ఖాళీయే. మెడ నిటారుగా పెట్టు.

తాత ఫెర్మో